రెండు చర్చిలకి ఒక్క మాట

కెల్సో గ్రోవ్‌లో మొక్కజొన్న తర్వాత అంత విరగపండేది మొహమాటమే. ఊరి మధ్య నాలుగు రోడ్లు కలిసేచోట నాలుగు వైపుల నుంచీ నాలుగు కార్లు వచ్చి ఆగాయంటే, "ముందు మీరు వెళ్లండి" అంటే "అబ్బే, మీరే వెళ్లండి" అని అద్దాల్లోంచి ఒకరికొకరు చేతులూపుకుంటూ ఉండిపోతారు. అలాంటి ఊళ్లో రెండు చర్చిల వాళ్లు ఒక్క మాట దగ్గర ఎండాకాలం నుంచి పట్టు విడవకుండా కూర్చున్నారంటే ఆ మాట ఎంత ముల్లుగా గుచ్చుకుందో మీరే ఊహించుకోండి.

వీధికి ఇవతల ప్రెస్బిటేరియన్ల చర్చి, అవతల మెథడిస్టుల చర్చి. ఇవతల చర్చిని వెచ్చబెట్టే బాయిలర్ కిందటి చలికాలంలో పెద్ద చప్పుడు చేసి ప్రాణం వదిలింది. అవతల బాయిలర్ బంగారంలా పనిచేస్తుంది గానీ పైకప్పు కారుతుంది. ఒకరు పొడిగా వణుకుతున్నారు, ఒకరు వెచ్చగా తడుస్తున్నారు. ఇవతల జనం ముప్పై మంది ఉంటారేమో, వాళ్లలో సగం మందికి మోకాళ్లు మాట వినవు. పాస్టరు కూడా లేడు. అవతల జనం దానికి రెండింతల పైమాటే. కలిస్తే ఒక చర్చి నిలుస్తుంది, కలవకపోతే రెండూ పోతాయి. పక్క ఊళ్లో అలా పోయిన చర్చిని ఎవరో కొనుక్కుని పాత సామాన్ల కొట్టు పెట్టారు. ప్రసంగం చెప్పే బల్ల మీద ఇప్పుడు చిల్లు పడిన టీ కెటిళ్లు పెట్టి అమ్ముతున్నారు. అది చూసి వచ్చిన ప్రతివాళ్లూ "కలవాల్సిందే" అన్నారు.

కలవడం సరే, తీర్మానంలో ఏమని రాయాలి? అక్కడ బండి వెర్నా మెకచన్ ఇంటి ముందు ఆగిపోయింది.

వెర్నా ఊరి బడిలో దాదాపు నలభై ఏళ్లు ఇంగ్లీషు చెప్పిన మనిషి. ఊళ్లో ఆవిడ ఎర్రసిరా తగలని కుటుంబం లేదు. ఇప్పుడు ప్రెస్బిటేరియన్ సంఘానికి కార్యదర్శి. "వెర్నా సరేనంటే మాకూ సరే" అని ఆ ముప్పై మందీ చేతులు దులుపుకున్నారు. అంటే వాళ్లందరి బరువూ ఆవిడ ఒక్క తల మీద పెట్టారన్నమాట.

మాట తేల్చడానికి నలుగురు వెర్నా వంటింట్లో కూర్చున్నారు. మెథడిస్టుల తరఫున పాస్టర్ జోలీన్, విత్తనాల వ్యాపారి ఆర్లో బీస్లీ. ఇటువైపు నుంచి వెర్నా, ఆవిడతో చిన్నప్పటి నుంచీ పోట్లాడుతున్న స్నేహితురాలు మాక్సీన్. జోలీన్‌కి ముప్పై నిండలేదు, ఏ గొడవలోనైనా ముందు నవ్వి తర్వాత ఆలోచించే పిల్ల. ఆర్లోకి అరవై దాటాయి, మనవలు ఉన్నారు, అయినా తనకి చదువు చెప్పిన వెర్నా ముందు కూర్చుంటే టోపీ తీసి ఒళ్లో పెట్టుకుంటాడు.

"మేం మామూలుగా 'మెర్జ్' అని రాశాం టీచరుగారూ," అన్నాడు ఆర్లో. "అందరూ అదే రాస్తారట."

"ఏమిట్రా ఆర్లో, హైవే ఎక్కేచోట 'మెర్జ్' అని రాసిన బోర్డు నువ్వెప్పుడూ చూళ్లేదా?"

"రోజూ చూస్తానండీ."

"అక్కడ ఎవరాగాలి?"

"పక్కదారిలోంచి వచ్చేవాడు."

"పెద్దరోడ్డు మీద లారీ ఆగుతుందా?"

"ఆగదండీ."

"ఎక్కేశాక పక్కదారికి పేరుంటుందా?"

"ఉండదండీ."

"కూర్చో," అంది వెర్నా. ఆర్లో అప్పటికే కూర్చుని ఉన్నాడు, అయినా ఇంకాస్త కూర్చున్నాడు.

"అసలు ఆ మాట పుట్టుక చూడండి," అని ఆవిడ లావుపాటి నిఘంటువు మీద చెయ్యి వేసింది. "మొదట్లో దానికి ముంచడం అని అర్థం. నీళ్లలో ముంచడం. మేం పట్టుమని ముప్పై మందిమి లేం. మునిగితే బుడగ కూడా రాదు."

పాస్టర్ జోలీన్ నవ్వి, ఇంకో మాట వెతికింది. "పోనీ కంబైన్?"

"బాబోయ్," అంది మాక్సీన్. "కంబైన్ అంటే ఇక్కడ కోతమిషనే. చర్చి డబ్బుతో అది కొన్నామని రైతులంతా అద్దెకి అడగడానికొస్తారు."

"యునైట్?"

"మీ చర్చి పేరు బోర్డు మీద 'యునైటెడ్' అని ఉందా? ఉంది. మా బోర్డు మీదా ఉంది. రెండు పక్కలా వాడి వాడి అరగ్గొట్టారు. ఇంక దాన్లో సారం లేదు," అంది వెర్నా.

"కన్సాలిడేట్ అంటే..." అని ఆర్లో మొదలెట్టి తనే ఆపేశాడు. ఊరి బడిని పక్క ఊరి బడితో కలిపినప్పుడు కాగితాల మీద రాసిన మాట అదే. ఆ రోజుతో కెల్సో గ్రోవ్ ఫుట్‌బాల్ జట్టు పేరు పోయింది, రంగులు పోయాయి, ఆఖరికి బడి గంట కూడా పోయింది. ఆ మాట విని నలుగురూ కాసేపు కాఫీ తాగారు.

బ్లెండ్ వచ్చింది. "పెయింటు కొట్లో మాట అది. నీలం, పసుపు కలిపి ఆకుపచ్చ చేశాక, ఏదీ, నీలాన్ని నాకు చూపించు," అని వెర్నా దాన్ని పంపించేసింది. మిక్స్ వచ్చింది, సిమెంటు పనివాళ్ల దగ్గరికి పొమ్మంది. జాయిన్ వచ్చింది. "ఒకళ్లింట్లో ఇంకొకళ్లు చేరతారు. ఎవరింట్లో ఎవరు చేరాలి?" అంది.

సాయం చేద్దామని ఆర్లో తనకి తెలిసినవన్నీ తవ్వుతున్నాడు పాపం. "అబ్జార్బ్ అంటే ఎలా ఉంటుందండీ?" అని పప్పులో కాలేశాడు.

మాక్సీన్ కాఫీ పాత్రని బల్ల మీద పెట్టింది. "అంటే ఒలికిన పాలు మేమూ, పీల్చుకునే గుడ్డ మీరూనా?"

"అది కాదు మాక్సీన్..."

"టోపీ పెట్టుకో ఆర్లో," అంది వెర్నా. ఆ రోజుకి అయిపోయిందని దానర్థం.

ఇదంతా విని వెర్నాది చాదస్తం అనుకుంటే పొరపాటు. ఆవిడది భయం. ఆదివారం పూట కళ్లు మూసుకుని కూర్చుంటే ఎవరు పాడుతున్నారో, ఎవరు పెదాలు మాత్రం కదుపుతున్నారో ఆవిడకి తెలుస్తుంది. మాక్సీన్ అరస్వరం పైన పాడుతుంది. వెనకవరసలో ముసలి బొంగురు గొంతు ప్రతి చరణానికీ ఒక్క క్షణం ఆలస్యంగా అందుకుంటుంది. తన పక్కన ఒకప్పుడు భర్త రాస్ గొంతు ఉండేది, ఇప్పుడక్కడ ఖాళీ ఉంది, ఆ ఖాళీ కూడా ఆవిడకి వినిపిస్తుంది. ఆ కొద్ది గొంతులూ తీసుకెళ్లి అంతమంది గొంతుల్లో పోస్తే ఇంక ఏం మిగుల్తుంది? అందరూ తనని నమ్మి ఊరుకున్నారు. రేపు మనవాళ్లంటూ ఎవరూ లేకుండా పోతే, ఆ పాపం ఎర్రసిరాతో కొట్టేసినా పోదు.

చలి ముదిరింది. నవంబరులో పాస్టర్ జోలీన్ ఫోన్ చేసి ఒక మధ్యేమార్గం చెప్పింది. వచ్చే ఆదివారం అందరూ మెథడిస్టు చర్చిలోనే ఆరాధన చేద్దాం, కింద నేలమాళిగలో భోంచేద్దాం, తర్వాత పైకి వచ్చి ఎవరి ఓటు వాళ్లం వేద్దాం. మాట కోసం తీర్మానంలో ఖాళీ వదిలేస్తాను, అప్పటికి మీరేం చెప్తే అది రాస్తాను అంది.

"ఒకటే ఇబ్బంది వెర్నాగారూ," అంది ఆఖర్న. "ప్రభువు ప్రార్థన."

ఇబ్బందే మరి. అందరూ కలిసి వల్లించే ఆ ప్రార్థనలో క్షమించమని అడిగేచోట ప్రెస్బిటేరియన్లు 'మా ఋణములు' అంటారు, మెథడిస్టులు 'మా అపరాధములు' అంటారు. అర్థంలో పెద్ద తేడా లేదు, పొడవులో ఉంది. ఋణాలవాళ్లు టక్కున ముగించి నిలబడతారు, అపరాధాలవాళ్లు ఇంకా దారిలోనే ఉంటారు. ఊళ్లో పెళ్లిళ్లలో, చావుల్లో ఆ ఒక్క చోట ప్రార్థన ఎప్పుడూ తొట్రుపడుతుంది.

"ఎవరి అలవాటు ప్రకారం వాళ్లు అంటారులే," అంది వెర్నా. ఫోన్ పెట్టేశాక గానీ ఆవిడకి తట్టలేదు. ఎవరి మాట వాళ్లు అంటే వినపడేదెవరిది?

మర్నాడే తన వాళ్లందర్నీ చల్లటి చర్చిలోకి పిలిచింది. అందరూ కోట్లు, టోపీలు విప్పకుండానే కూర్చున్నారు. మాట్లాడితే నోట్లోంచి పొగ వస్తోంది.

"ఆదివారం ప్రార్థనలో ఆ మాట దగ్గరికి వచ్చేసరికి," అంది వెర్నా, "గొంతులు పైకెత్తండి. గొణగొద్దు. మనం ఎంతమందిమి అన్నది కాదు, ఉన్నాం అన్నది వాళ్లకి వినపడాలి. ఋణములు. గట్టిగా. సరేనా?"

అందరూ తలలూపారు. మాక్సీన్ అందరికంటే ఎక్కువ ఊపింది. కెల్సో గ్రోవ్‌లో తల ఊపడానికి సరే అని ఒక అర్థం, ఎదురు చెప్పడం బాగుండదు అని ఇంకో అర్థం ఉన్నాయని నలభై ఏళ్లు పాఠాలు చెప్పిన వెర్నాకి తెలియనిది కాదు. ఆ రోజు గుర్తురాలేదంతే.

ఆదివారం వచ్చింది. ఓట్ల లెక్క తప్పకుండా ప్రెస్బిటేరియన్లని ఎడమవైపు బెంచీల్లో, మెథడిస్టుల్ని కుడివైపు కూర్చోబెట్టారు. నడవ మధ్యలో కారే చోట ఒక బకెట్టు పెట్టి, దానికి ఎవరో ఎర్ర రిబ్బను కట్టారు, అతిథులొస్తున్నారని. వెచ్చదనం తగలగానే ఎడమవైపు జనం కోట్లు విప్పి, చాలా వారాల తర్వాత ఒకరి చేతులొకరు చూసుకున్నారు. వెర్నా మాత్రం కోటు గుండీలు తియ్యలేదు.

పాటలు అయ్యాయి, ప్రసంగం అయింది. పాస్టర్ జోలీన్ తల వంచి ప్రార్థన ఎత్తుకుంది. రెండు వైపులా గొంతులు కలిసి నడిచాయి. ప్రార్థనలో పరలోకం దాటారు, రాజ్యం దాటారు, రొట్టె దాటారు. వెర్నా ఊపిరి గుండెల నిండా పీల్చుకుంది. తరగతిలో ఆఖరి బెంచీకి వినిపించే ఆ పాత గొంతు బయటికి తీసింది.

"మా ఋణములు!"

ఆ మాట ఆవిడ నోట్లోంచి వెళ్లడమేమిటి, కుడివైపు నుంచి ఓ పెద్ద కెరటంలాగా తిరిగి రావడమేమిటి! 'ఋణములు' అన్నారు మెథడిస్టులు, అందరూ, మగా ఆడా, పిల్లా పెద్దా. అలవాటు లేని మాట కదా, మొదటి రోజు బడికొచ్చిన వాళ్లలాగా ఒక్కొక్క అక్షరం జాగ్రత్తగా పలికారు. అదే క్షణంలో వెర్నా చుట్టూ, ముందు బెంచీలో, వెనక బెంచీలో, తన వాళ్లంతా మెత్తగా, మర్యాదగా 'అపరాధములు' అంటున్నారు. ఆవిడ చెవి పక్కనే మాక్సీన్, అరస్వరం పైన, 'అపరాధములు' అంటోంది.

మెథడిస్టులు ముందు ముగించి ఆగారు. ప్రెస్బిటేరియన్లు పొడుగు మాట అలవాటు లేక ఈడ్చుకుంటూ వచ్చి ఆగారు. ఇప్పుడు ఎవరు ముందుకు కదలాలో ఎవరికీ తెలియలేదు. అటువాళ్లు ఇటు చూశారు, ఇటువాళ్లు అటు చూశారు. 'ముందు మీరు' అన్నట్టు ఆర్లో చెయ్యి కూడా కాస్త లేచింది. పాస్టర్ జోలీన్ ఏ మాట అందో ఎవరికీ తెలియదు, ఆవిడ పెదాలు మాత్రమే కదిపిందని తర్వాత ఒప్పుకుంది. బకెట్టులో ఒక చుక్క టప్పున పడింది.

ఎవరో ముక్కుతో చిన్న శబ్దం చేశారు. ఇంకెవరో ఆపుకోబోయి దగ్గారు. అంతే, చర్చి అంతా ఘొల్లుమంది. ముసలివాళ్లు బెంచీలు పట్టుకుని నవ్వారు. బొంగురు గొంతాయన ఒక్క క్షణం ఆలస్యంగా అందుకుని అందరూ ఆపాక కూడా నవ్వాడు. ప్రార్థన నడిమధ్యలో అలా ఆగిపోయింది. దేవుడికి తొందరేం లేదు గదా, వినే ఉంటాడు.

వెర్నాకి ముందు ఒళ్లు మండింది. అంతలా చెప్తే ఇదా మీరు చేసింది! తర్వాత చెంపలు వేడెక్కాయి. అంతమందిలో సొంత మాట పట్టుకుని వచ్చింది తనొక్కతే. ఇంతలో నడవకి అవతల నుంచి ఆర్లో, కళ్లు తుడుచుకుంటూ, ముందుకు వంగాడు.

"టీచరుగారూ, మీ అందర్లోకీ మెథడిస్టులతో గొంతు కలిపింది మీరొక్కరే!"

వెర్నా నోరు తెరిచింది ఏదో అనడానికి. నవ్వు వచ్చింది. రాస్ పోయిన తర్వాత ఇప్పటిదాకా అంత నవ్వు ఆవిడకి రాలేదు. నవ్వీ నవ్వీ ఉక్కపోసి కోటు గుండీలు తనే తీసేసింది.

కింద నేలమాళిగలో పొడుగాటి బల్లల మీద పంది మాంసం ఉండలు, మీగడలో వేయించిన బంగాళాదుంపలు, కేరట్ తురుము వేసిన నారింజరంగు జెల్లీ, 'పై' అనే తీపి రొట్టెలు నాలుగు రకాలు ఉన్నాయి. గిన్నెల అడుగున ఎవరి పేరు వాళ్లు కాగితం టేపు మీద రాసి అంటించారు. వెర్నా పళ్లెం తీసుకుని సూటిగా మాక్సీన్ దగ్గరికి వెళ్లింది.

"ఏమే, అంత తలూపావు?"

"ఊపానే. నువ్వు చలిలో నిలబడి అంత ఆవేశంగా చెప్తుంటే కాదంటానా? కానీ ఒకళ్లింటికి వెళ్లి, వాళ్ల వేడి కాచుకుంటూ, వాళ్ల మాట కాదని మన మాట అరుస్తామా? మా అమ్మ పైనుంచి చూస్తే చెంప వాయిస్తుంది."

"అందరూ కలిసి అనుకున్నారా?"

"లేదు తల్లీ! నేనొక్కదాన్నే ఇలా చేస్తున్నానని తేలు కుట్టిన దొంగలా కూర్చున్నా. తీరా చూస్తే అందరూ దొంగలే."

ఆర్లో జెల్లీ వడ్డించుకోవడానికి వచ్చి దొరికిపోయాడు.

"నువ్వు చెప్పరా. మీరు కూడబలుక్కున్నారా?"

"ప్రమాణంగా లేదండీ. చలిలో అన్నాళ్లు కూర్చుని వచ్చారు, కనీసం మాటైనా మీది ఉంచకపోతే ఎలా అనిపించింది. మా ఆవిడకి కూడా చెప్పలేదు. మా ఆవిడా నాకు చెప్పలేదు. వారమంతా ట్రక్కులో ఒక్కణ్ణే ప్రాక్టీసు చేశా." అతను గొంతు తగ్గించాడు. "సరిగ్గానే పలికానా టీచరుగారూ?"

మునిగిపోతుందేమోనని వెర్నా గుప్పెట్లో బిగించి పట్టుకొచ్చిన మాటని ఈ మనిషి వారం రోజులు ట్రక్కులో పెట్టుకుని తిప్పాడు. ఈ హాల్లో ఎంతమంది ఎన్ని వంటిళ్లలో, ఎన్ని కొట్టాల్లో ఎవరికీ వినపడకుండా ఆ మాటని వల్లించుకున్నారో!

"నూటికి నూరు," అంది వెర్నా. ఆర్లో బడిలో ఎన్నడూ ఎరగని మార్కు అది. చెవులదాకా ఎర్రబడి, జెల్లీ బదులు బంగాళాదుంపల్లో గరిటె ముంచాడు.

భోజనాలయ్యాక అందరూ పైకి వచ్చారు. పాస్టర్ జోలీన్ తీర్మానం చదివింది. ఇందుమూలంగా ఈ రెండు సంఘాలూ... అని ఖాళీ దగ్గర ఆగి, కలం పట్టుకుని, వెర్నా వైపు చూసింది. అందరూ చూశారు.

వెర్నా లేచి నిలబడింది. "మెర్జ్ అని రాయండి."

"ఆఁ?" అంది మాక్సీన్ ఎక్కడినుంచో. "ముంచడం అన్నావు కదే!"

"అన్నాను. తప్పు చెప్పలేదు. అది దాని పుట్టుక. కానీ మాటకి పుట్టుక ఒకటి, బతుకు ఒకటి. అది ఎలా బతకాలో వాడేవాళ్లు తేలుస్తారు, నిఘంటువు వాళ్ల వెనకాలే నడిచి వచ్చి రాసుకుంటుంది. ఈ పాఠం ఎంతమంది పిల్లలకి చెప్పానో లెక్కలేదు. ఇవాళ మీరంతా కలిసి నాకు అప్పజెప్పారు." ఆవిడ కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. "హైవే వాళ్లకి ఆ మాట వాడటం రాదు. వాళ్లలో ఎవడూ ఎవడికోసమూ ఆగడు. ఇక్కడ వాడుకలో పెట్టి చూద్దాం. రాయమ్మా, జోలీన్."

జోలీన్ రాసింది. ఒప్పుకున్నవాళ్లు లేచి నిలబడాలి. చట్ట ప్రకారం ఏ సంఘం ఓటు ఆ సంఘానికి విడిగా లెక్కపెట్టాలి, అందుకే పొద్దున అంత జాగ్రత్తగా ఎడమా కుడీ విడదీసి కూర్చోబెట్టారు. మెథడిస్టుల లెక్క జోలీన్‌ది, ప్రెస్బిటేరియన్ల లెక్క కార్యదర్శి వెర్నాది.

బెంచీలు కిర్రుకిర్రుమన్నాయి. జనం లేచారు.

వెర్నా వేలు చాచి ఎడమవైపు మొదటి వరస నుంచి మొదలుపెట్టింది. మొదటి వరసలో ఆర్లో ఉన్నాడు. అతని పక్కన, సగం తిన్న తీపి 'పై' ముక్క చేతిలో పట్టుకుని, బొంగురు గొంతాయన. ఆ వెనక ఎవరి పిల్లో ఎవరి చంకలోనో ఉంది. మాక్సీన్ నడవ అవతల ఆర్లో భార్య చెయ్యి పట్టుకుని నిలబడి, బంగాళాదుంపల్లో మీగడ ఎంత వేశావని అడుగుతోంది. భోజనాల దగ్గర మొదలైన కబుర్లు తెగక, ఎవరితో మాట్లాడుతున్నవాళ్లు వాళ్ల పక్కనే కూర్చుండిపోయారు. బకెట్టు చుట్టూ కూడా నలుగురు నిలబడి ఉన్నారు. వెర్నా వేలు ఒక వరస వెళ్లి, వెనక్కి వచ్చి, మళ్లీ మొదలుపెట్టి, గాల్లో ఆగిపోయింది. తుడిచిన కళ్లద్దాలు మళ్లీ మసకబారాయి.

"మీవాళ్లు ఎంతమంది వెర్నాగారూ?" అంది జోలీన్, కలం ఎత్తి పట్టుకుని.

వెర్నా చెయ్యి దించింది.

"మనమంతా," అంది.